దురాయి బడి

జూన్ 30

అమ్మకి ఫోనులో బాగుందని చెప్పాను. వెనకాల హోరు వినపడి, వాన పడుతోందా అని అడిగింది. అవునన్నాను. సముద్రం అని చెబితే ఇంకో పది ప్రశ్నలు.

నిన్న కోట బస్టాండు నుంచి ఆటో రొయ్యల గుంటల మధ్య కట్ట మీద ఊగుతూ వచ్చి, సరుగుడు తోపు దాటి, పాలెంలో దించింది. బడి తాళంచెవి కామాక్షయ్య ఇంట్లో ఉంది. ఆయన ఈ ఊరి కాపు. ఈ చేపల ఊళ్ళో కాపు అంటే కులం కాదు, పెద్ద. వేటకి ఎప్పుడు పోవాలో, ఎప్పుడు పోకూడదో చెప్పే మనిషి. తలుపు తీస్తే లోపల వలలు. రెండేళ్ళుగా టీచరు లేని బడి, ఖాళీగా ఎందుకని పెట్టుకున్నారట. ఇక్కడి టీచరుని మండల ఆఫీసు పనికని డిప్యుటేషన్ మీద తీసుకుపోయారు. ఆయన పేరు ఇక్కడ, కుర్చీ అక్కడ.

"తీసేస్తాం లేమ్మా," అన్నాడు కామాక్షయ్య. "నువ్వుంటానంటే."

ఉంటానన్నాను. మొదటి రోజు ఎవరైనా అదే అంటారు.

నేను టీచర్ని కాదు, ఇన్‌స్ట్రక్టర్ని. ఏప్రిల్ దాకా. డీఎస్సీ పోయాక గూడూరులో కూర్చుని గోడలు చూసేకంటే ఏదో ఒకటి చెయ్యమన్నాడు నాన్న. ఏదో ఒకటిలో చేరాను.

ఉండటానికి గురవమ్మ తన ఇంట్లో ముందుగది ఇచ్చింది. మొగుణ్ణి సముద్రం తీసుకుంది. ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని కోటలో అమ్ముతుంది. ఒక్కతే కూతురు, చిట్టి, మూడో తరగతి. కోటలో కాన్వెంటు. పొద్దున వ్యాను దగ్గరికి పోతుంటే చూశాను: మెడలో టై, కాళ్ళకి ఏమీ లేవు. బూట్లు చేత్తో పట్టుకుని ఇసక దాటి, వ్యానులో కూర్చుని తొడుక్కుంటుంది.

జులై 2

ఐదు తరగతులు, ఒక గది, నేను.

జులై 5

డీఎడ్‌లో మేము పాఠాలు చెప్పింది మాలో మాకే. ఒకరు టీచరు, మిగతావాళ్ళు పిల్లల్లా నటించేవాళ్ళం. నటించే పిల్లలు చేతులు కట్టుకుని సరైన జవాబే చెప్పేవాళ్ళు. తరవాత టీచింగ్ ప్రాక్టీసని ఒక ఊరి బడికి పంపారు. అక్కడి హెడ్మాస్టరు మా రికార్డుల మీద ఒకేసారి సంతకాలు పెట్టి టీ తాగించి పంపేశాడు. నా రికార్డులో చార్టులకి ఎంత మంచి మార్కులొచ్చాయో.

ఒక తరగతికి తీసివేత చెబుతుంటే ఇంకో తరగతి ఏం చెయ్యాలో ఆ రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఇవాళ బోర్డుని గీతలు గీసి భాగాలు చేశాను. ఐదో తరగతి ఉషని ఒకటో తరగతి వాళ్ళ దగ్గర కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి గొంతు పోయింది. మధ్యాహ్నం తరవాత ఒక వింత జరిగింది. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. గదిలో తేనెపట్టులా సన్నటి రొద. నేను మధ్యలో నిలబడి ఊరికే చూశాను.

నాకు ఏదైనా చేతనైనట్టు అనిపించి చాలా కాలమైంది.

జులై 12

గురవమ్మ చేపల పులుసు పెడుతూ, నా పెట్టె మీది బైబిలు చూసి అడిగింది: "ఏసయ్య కూడా చేపలోళ్ళనే గదా టీచరమ్మా ఎంటబెట్టుకున్నాడు? మరి వాళ్ళకి బడేమన్నా పెట్టినాడా, పడవలు మానిపించి తిప్పుకున్నాడా?"

"తిప్పుకున్నాడు."

"అదీ. ఇంటికాడ ఆడోళ్ళు ఏం తిన్నారో ఆ పుస్తకంలో రాసుండదు."

చిట్టి సాయంత్రం నా మంచం మీద బోర్లా పడుకుని ఇంగ్లీషు పద్యాలు గడగడా అప్పజెబుతుంది. ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటంటే తెలియదు. పుస్తకం మూసినా తెరిచినా దానికి ఒకటే. ఆ సంగతి గురవమ్మకి చెప్పాను. మన బడికి పంపు అక్కా, నేను చదివిస్తాను అన్నాను.

గిన్నె కడగడం ఆపలేదు. "ఆ కాన్వెంటు టీచర్లకి సదువు చెప్పడం రాదని నాకూ తెలుసు. కానీ రోజూ ఉంటారు. ఈడికి ముందొచ్చిన సారూ మంచోడే. మా చిట్టికి అ ఆలు దిద్దించింది ఆయనే. ఒకనాడు ఎల్లిపోయినాడు. ఈ బిడ్డ పలక పట్టుకుని ఏడాది ఆ తాళం కాడికి పోయొచ్చింది. నువ్వెన్నాళ్ళుంటావు?"

ఏప్రిల్ అని చెప్పలేదు. "ఉంటాను" అన్నాను.

జులై 21

ఎంఈఓ సుశీల్ కుమార్ గారు మోటారు సైకిల్ మీద వచ్చారు. చెడ్డ మనిషి కాదు. బోర్డు మీద నా గీతలు చూసి, "ఇది శిక్షణలో చెప్పరే!" అని నవ్వారు. కొబ్బరినీళ్ళు తాగాక అసలు మాట చెప్పారు. ఆగస్టు చివరికి పిల్లలు ఇరవై మంది లేకపోతే మూడు, నాలుగు, ఐదు తరగతులు కాలువ అవతల హైస్కూలుకి పోతాయి. మిగిలిన నలుగురైదుగురికి ఇన్‌స్ట్రక్టరు ఎందుకు?

నా దగ్గర పన్నెండు మంది ఉన్నారు. మిగతావాళ్ళు చిట్టితో పాటు కోట వ్యాను ఎక్కుతారు.

కాలువ మీద వానాకాలం చప్టా మునిగిపోతుంది. అప్పుడు పిల్లలు ఎలా పోతారు? నేను ఆలోచిస్తున్నది దాని గురించే.

జులై 22

కామాక్షయ్యతో చెప్పాను. తీసివేతలు, కూడికలు లేకుండా ఉన్నదున్నట్టు: పిల్లలు చాలకపోతే బడి పోతుంది.

ఆయన వల బాగుచేస్తూ విన్నాడు. "నాకు సంతకం రాదు టీచరమ్మా. బోటు డీజిలు రాయితీ కార్డు మీద ఏలిముద్రే. బ్యాంకులో పిల్లకాయ నా ఏలు పట్టుకుని అద్దుతాడు, చంటిబిడ్డకి అద్దినట్టు. ఆ బడి పోనీను. ఊరికి నేను చెప్తా."

"చెప్పి చూడండి" అన్నాను. నేనన్నది అంతే.

జులై 27, ఆదివారం

చర్చికి పోలేదు. పిలిస్తే వేలం షెడ్డు దగ్గరికి పోయాను. మగవాళ్ళు ఇసకలో, ఆడవాళ్ళు వెనక, నాకు మాత్రం కుర్చీ. పెద్దలు మాట్లాడుకున్నారు. కాపు లేచి దురాయి వేశాడు. దురాయి అంటే ఊరి కట్టడి, దాటితే తప్పు. ఆ సంగతి అక్కడే కూర్చుని తెలుసుకున్నాను.

"ఊరి పిల్ల ఊరి బడికే. బడి రోజు పిల్ల బడికాడ కనపడాల. కనపడని ఇంటికి జరిమానా. కాదని బయటికి పంపే ఇంటితో మాటా లేదు, మంటా లేదు. ఆ ఇంటితో మాట్లాడినోళ్ళకీ అదే జరిమానా."

అందరూ సరే అన్నారు. గురవమ్మ లేచింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కతే.

"రెండేళ్ళు బడి మూసుంటే ఏ దురాయీ లేదే కాపూ? అప్పుడు వలలు సదువుకున్నాయా లోపల?"

ఎవరో నవ్వారు. కామాక్షయ్య నవ్వలేదు. ఆమె తమ్ముడు మాల్యాద్రి "కూర్చోవే అక్కా" అని చీర కొంగు లాగాడు. కూర్చోలేదు. నా వైపు చూసింది, నేనేమన్నా అంటానేమో అని.

తలనొప్పిగా ఉంది. పడుకుంటాను.

జులై 28

పంతొమ్మిది మంది! బల్లలు చాలక చాప పరిచాను. టైలు కట్టుకుని వచ్చారు, విప్పాలో వద్దో తెలియక.

వ్యాను చిట్టి ఒక్కదాని కోసం వచ్చి పోయింది.

జులై 31

ఒడ్డున గురవమ్మ ఎంత పాడినా వేలం ఆమె పేరు మీద కొట్టడం లేదు. ఆమె మాట వినపడనట్టే. పక్కనే నిలబడ్డ మాల్యాద్రి కూడా నీళ్ళ వైపు చూస్తున్నాడు. ఖాళీ తట్టతో వచ్చి పొయ్యి రాజేసింది. వంట ఏమీ లేదు, ఊరికే రాజేసింది. ఎవరూ నిప్పు ఇవ్వరని చెప్పారుగా, నా నిప్పు నాకుందని చూపించడానికేమో.

నాతో మామూలుగానే మాట్లాడుతోంది. "నువ్వు ఊరి మనిషివి కాదు గదా, నీకు లేదులే దురాయి."

ఇదంతా వారంలో సద్దుమణుగుతుంది. కామాక్షయ్య మొండివాడు, మూర్ఖుడు కాదు.

ఆగస్టు 2

కాపు భార్య వచ్చి చెప్పింది. "బడి నీకోసమే నిలబెడుతుండాము. నువ్వే ఆ ఇంట్లో తిని పండుకుంటే ఊరు ఏమనుకుంటాది టీచరమ్మా?"

పెట్టె సర్దుకున్నాను. బడి కోసం ఊరందరితో మంచిగా ఉండాలి. దూరమేమీ కాదు, నాలుగిళ్ళ అవతల కాపు ఇల్లే. తాత్కాలికంగానే. గురవమ్మకి ఇదంతా వివరంగా చెప్పాలనుకున్నాను. పెట్టె ఒక చెవి తనే పట్టుకుని వాకిలిదాకా తెచ్చి, "బరువుండాది, ఒక్కదానివి మొయ్యలేవు" అంది. గడప దాటలేదు.

ఆగస్టు 3

ఈ ఇంట్లో ఫ్యాను ఉంది.

ఆగస్టు 9

సాయంత్రం ఇసకలో ఎదురుపడ్డారు తల్లీ కూతురూ. చిట్టి "టీచరక్కా!" అని పరుగెత్తబోయింది. గురవమ్మ దాన్ని ఒడిసిపట్టి నోరు మూసింది. చిట్టి మీద కోపంతో అనుకున్నాను. ఇంటికి వచ్చాక అర్థమైంది. చుట్టూ మనుషులున్నారు. ఇప్పుడు నేను కాపు ఇంటి మనిషిని, బదులు పలికితే నాకూ జరిమానా పడుతుంది.

నేను బదులు పలికేదాన్ని కాదు. అది ఆమెకి తెలియదు.

ఆగస్టు 13

వ్యాను రావడం మానేసింది. ఒక్క పిల్ల కోసం ఇంత దూరం గిట్టదన్నాడట డ్రైవరు. చిట్టి రెండు రోజులుగా టై కట్టుకుని గుమ్మంలో కూర్చుంటోంది.

ఈ పరిస్థితిలో చిట్టికైనా మంచిది మన బడే. నిజంగా మంచిది. నేను చదవడం నేర్పగలను.

ఆగస్టు 18

రాయాలి. రాయకపోతే రేపటికి వేరేగా గుర్తుంచుకుంటాను.

గురవమ్మ ఒప్పుకుంది. దురాయి దాటిన వాళ్ళు మళ్ళీ ఊళ్ళో కలవాలంటే తప్పు కట్టి, తడి చీరతో పెద్దల ముందు ఇసకలో సాగిలపడాలి. సముద్రంలో మునిగి వచ్చింది. పెద్దలు వరసగా కూర్చున్నారు. వాళ్ళ పక్కన నా కుర్చీ వేశారు. ఎందుకని అడిగాను. "బడి నీదే గదమ్మా" అన్నాడు కామాక్షయ్య, గౌరవంగానే.

ఆమె సాగిలపడింది. జుట్టంతా ఇసక. ఒక్కొక్కరి ముందూ జరిగి, చివరికి నా ముందుకి వచ్చింది. నేను లేవాలి. లేచి, పట్టుకుని, అక్కా వద్దు అనాలి. కాళ్ళు లేవలేదు. కాదు, కాళ్ళు బాగానే ఉన్నాయి. నేనే లేవలేదు. అందరూ చూస్తున్నారు, లేస్తే ఇదంతా చెడిపోతుందేమో, రేపు చిట్టి రాదేమో అనుకున్నాను. నుదురు నా చెప్పుకి తగిలింది.

లేచి ఇసక దులుపుకుంటూ, నాకొక్కదానికే వినపడేట్టు అంది: "మరి ఇప్పుడైనా ఉంటావా?"

తల ఊపాను.

ఆగస్టు 19

ఇరవై.

ఆగస్టు 29

ఎంఈఓ గారు లెక్కపెట్టుకున్నారు. తరగతులు పోవు. కామాక్షయ్య ఇంట్లో పీతల కూర. అమ్మకి ఫోను చేస్తే "ప్రభువు నీ చేత మేలు చేయించాడు" అంది. ఆమేన్ అనాల్సిన చోట ఫోను ఛార్జింగు అయిపోతోందన్నాను.

సెప్టెంబరు 20

చిట్టి చదివింది. కూడబలుక్కుంటూ కాదు, బోర్డు మీద నేను అప్పటికప్పుడు రాసిన వాక్యం, ఎప్పుడూ చూడనిది: "కాకి పడవ ఎక్కి కోటకు పోయింది." చదివి, నవ్వబోయి, నన్ను చూసి ఆపుకుంది. నన్ను టీచరక్కా అనడం మానేసింది. మేడం అంటుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది. గదిలో అందరికంటే బుద్ధిగా ఉంటుంది, డీఎడ్‌లో మేము నటించిన పిల్లల్లాగా.

వస్తుంది. మళ్ళీ దగ్గరవడానికి టైము పడుతుంది. ఏప్రిల్ దాకా ఉందిగా.

అక్టోబరు 13

సుశీల్ కుమార్ గారు ఫోను చేశారు.

"అమ్మా ఎవాంజెలిన్, సంగం వైపు ఒక బడిలో టీచరమ్మ కాన్పుకి సెలవు పెట్టింది. నలభై మంది పిల్లలు. జిల్లా నుంచి నీ పేరు మీద పని సర్దుబాటు వచ్చింది. గురువారం చేరాలి."

"ఇక్కడ ఇరవై మంది ఉన్నారు సార్. మీరే ఇరవై అన్నారు."

"బడి ఉండటానికి ఇరవై. టీచరు ఉండటానికి కాదమ్మా."

 తరవాత మెల్లగా అన్నారు: "నా దగ్గర బళ్ళున్నాయి, పిల్లలున్నారు. టీచర్లు లేరు. దుప్పటి ఎటు లాగినా ఎవరివో ఒకరి కాళ్ళు బయటే. పక్క పాలెం టీచరుని వారానికి రెండు రోజులు అక్కడికి పొమ్మంటాను."

"చప్టా మునిగింది సార్."

"నీళ్ళు తీశాక పోతుంది."

అక్టోబరు 14

కామాక్షయ్యని అడిగాను. దురాయి తీసెయ్యండి, కాన్వెంటుకి పంపుకునేవాళ్ళని పంపుకోనివ్వండి, గురవమ్మ ఇంటికి నేను పోయి చెబుతాను అన్నాను.

 కోప్పడతాడనుకున్నాను. "నీ మాట మీద ఏసినాం. నీ మాట మీద తీస్తే, రేపు వేటకి పోబాకండ్రా తుపానుండాది అంటే ఎవడింటాడు నా మాట? బడి మూసుండేది కొన్నాళ్ళే గదా. ఇంకో టీచరొస్తాది. బడికాడ పిల్లకాయలు కనపడకపోతే గవర్మెంటోళ్ళు ఈ ఊరికి బడి అక్కర్లేదని రాసుకుంటారు. నువ్వు చెప్పిందే గదమ్మా."

నేను చెప్పిందే.

అక్టోబరు 16

పిల్లలకి నీళ్ళు తగ్గాక వస్తానని చెప్పాను. గురవమ్మ ఇంటి మీదుగా పోలేదు. చప్టా దగ్గరికి దారి అటు కాదు. అంటే, అటు నుంచీ పోవచ్చు.

నవంబరు 1

సంగం దగ్గర అంతా వరి. పెన్న నీళ్ళు, పచ్చదనం, ఇద్దరు టీచర్లం, విడి గదులు. పాఠం బాగా చెప్పావన్నాడు ఇక్కడి హెడ్మాస్టరు. పని పట్టుపడిందట నాకు.

నవంబరు 7

మాల్యాద్రి ఫోను. బోటులో నుంచో ఏమో, గాలి. "టీచరమ్మా, ఎవురూ రాలేదు. రెండు రోజులొస్తాదన్న మేడం ఒకసారొచ్చి నీళ్ళు చూసి ఎనక్కి పోయింది. పిల్లకాయలు మాత్రం రోజూ పోతుండారు."

"ఎక్కడికి?"

"బడికి. తాళం ఏసుండాది గదా, వరండాలో కూర్చుంటుండారు. సాయంత్రందాకా. పోకపోతే జరిమానా గదా. కాపు మనవడు కూడా ఆడే. ఎండొచ్చినా వానొచ్చినా ఆడే."

నవంబరు 10, సోమవారం

సెలవు పెట్టి వచ్చాను. ఇది కోట బస్టాండులో రాస్తున్నాను. సంగం వైపు పోవాలంటే ముందు నెల్లూరు చేరాలి, బస్సు ఇంకా రాలేదు.

చప్టా మీద మోకాలి లోతు నీళ్ళు, చీర ఎత్తి దాటాను. దూరం నుంచే కనపడ్డారు. వరండాలో తరగతుల వారీగా వరసలు, నేను కూర్చోబెట్టినట్టే. ఎవరూ అల్లరి చెయ్యడం లేదు. ఉష పుస్తకం చూసి చదువుతుంటే చిన్నవాళ్ళు అంటున్నారు. ఆమెకి వచ్చినవి అయిపోయాయేమో, చదివిందే చదువుతోంది. వంట కూడా ఆపేశారట. హాజరు పంపేవాళ్ళు లేకపోతే బియ్యం రావు. ఇళ్ళ నుంచి అన్నం తెచ్చుకుంటున్నారు.

నన్ను చూసి లేచి నిలబడ్డారు. "గుడ్ మార్నింగ్ మేడం." అందరూ ఒకే గొంతుతో. ఎవరూ పరుగెత్తుకు రాలేదు.

మధ్యాహ్నం గురవమ్మ చిట్టికి అన్నం తెచ్చింది. తల మీద చేపల తట్ట. వేలంలో మళ్ళీ పాడుతోందన్నమాట.

"ఏం టీచరమ్మా, చిక్కినావే. అన్నం తిన్నావా?"

 ఆమె చెయ్యి పట్టుకుని, తప్పు నాది అక్కా అన్నాను.

"నీదయితే మరి తప్పు నేను కట్టినానే!" అని నవ్వింది. నిజంగానే నవ్వింది. చెయ్యి మాత్రం విడిపించుకుంది, తట్ట దించాలి కాబట్టి. "ఎవురి తప్పయితే ఏముండాదిలే. ఆడ సదువు రాకపోయినా నా బిడ్డ టీచరు మొహం చూసేది. ఈడ తలుపు మొహం చూస్తుండాది. ఇప్పుడు సదవడం వచ్చింది గదా దానికి, ఆ తలుపు మీద ఉండేవన్నీ సదువుతాది నాకు. బడి పేరు. మండలం పేరు. ఊరి పేరు. ఏ రోజైనా అవే."

"కాన్వెంటుకి మళ్ళీ..."

"వ్యాను లేదు. సగంలో చేర్చుకోరు. ఇంకోసారి సాగిలపడే ఓపికా లేదు." చిట్టికి ముద్ద కలిపి పెట్టింది. నాకూ ఒక ముద్ద కలిపి చేతిలో పెట్టింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. ఏం తిన్నానో తెలియదు.

తిన్నాక పాఠం చెప్పాను. తాళంచెవి కామాక్షయ్యతో వేటకి పోయింది. బోర్డు లోపల ఉంది. వరండా గచ్చు మీద సుద్దతో గీతలు గీసి ఎవరి భాగం వాళ్ళకి ఇచ్చాను. మూడో తరగతికి అప్పు తెచ్చుకునే తీసివేత. కాసేపటికి ఆ సన్నటి రొద మళ్ళీ మొదలైంది. చిట్టి లెక్క చేసి, వేలుతో చూపించింది. సరైన జవాబే. బాగుంది అన్నాను. "థ్యాంక్యూ మేడం" అంది.

చివరి ఆటో చప్టా అవతల హారను కొట్టింది. లేచాను. వాళ్ళూ లేచి దణ్ణం పెట్టి, మళ్ళీ కూర్చున్నారు. ఇంకా సాయంత్రం కాలేదు కదా.

రేపు వస్తావా అని అడుగుతారనుకున్నాను. చప్టా దాటేటప్పుడే జవాబు తయారు చేసుకున్నాను, అబద్ధం కాకుండా, పిల్లలకి అర్థమయ్యేట్టు, మెత్తగా. ఒకటో తరగతి వాళ్ళయినా అడుగుతారనుకున్నాను.

ఎవరూ అడగలేదు.